ఇడ్లీల పెట్టెలో వీర్రాజు గుడ్లు

నేను ఒక హాట్‌బాక్సుని. డబ్బా అని పిలిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. డబ్బా అంటే కందిపప్పు పోసి అటక మీద పడేసేది. నాకు బయట ముదురు ఎరుపు ప్లాస్టిక్కు చొక్కా, లోపల స్టీలు గిన్నె, ఆ రెంటికీ నడుమ ఎవరి కంటికీ కనపడని నురగ. నా విద్యంతా ఆ నురగలోనే ఉంది. వేడి నమ్మి ఇస్తే వేడిని, చల్లదనం నమ్మి ఇస్తే చల్లదనాన్ని పట్టుకుని కూర్చోవడం తప్ప నాకు మరో పని చేతకాదు. మనుషుల్లో ఈ గుణం ఉన్నవాళ్ళు తక్కువేనని తర్వాత్తర్వాత తెలిసింది.

పుట్టింది ఎక్కడో ఊరిచివర రేకుల షెడ్డులో. మూత బిగువుగా ఉందో లేదోనని ఒకావిడ నా నెత్తిమీద రెండు చరుపులు చరిచి అట్టపెట్టెలో కుదేసింది. అక్కణ్ణించి కాకినాడలో స్టీలు సామాన్ల కొట్టు, అక్కణ్ణించి పెళ్ళిళ్ళు. నన్ను కొన్నవాళ్ళు ఉన్నారు గానీ చాలాకాలం వాడినవాళ్ళు లేరు. మొదట ఒక పెళ్ళికి చదివింపుగా వెళ్ళాను. ఆ పెళ్ళికూతురికి నాలాంటివాళ్ళు అప్పటికే అరడజను మంది వచ్చారట. రంగుకాగితమైనా విప్పకుండా మంచం కిందికి తోసేసి, ఎవరిదో గృహప్రవేశానికి నన్నే చంకనపెట్టుకుని వెళ్ళారు. వాళ్ళు నన్ను ఒక బారసాలకి మోశారు. పైన అంటించిన పేరు మారేది, లోపల నేను మాత్రం అలాగే ఉండేదాన్ని. ఒకసారైతే తిరిగి తిరిగి మొట్టమొదట నన్ను కొన్న ఇంటికే ఓణీల ఫంక్షనుకి వెళ్ళాను. "అబ్బ, ఎంత మంచి రంగండీ! మీ సెలక్షనే వేరు!" అని నన్ను తిప్పి తిప్పి చూసింది ఆ ఇల్లాలు. తన చేత్తో బేరమాడి కొన్న సరుకుని కూడా మనిషి గుర్తుపట్టదు, పైన కాగితం మారితే చాలు.

చివరికి సామర్లకోటలో సత్యవేణి చేతుల్లో పడ్డాను. ఊరి బయట కోడిపిల్లల్ని పొదిగించే హేచరీలో ఏళ్ళ తరబడి పనిచేసి ఆవిడ మానేసిన రోజున తోటి ఆడవాళ్ళంతా కలిసి నన్ను ఇచ్చారు. ఆవిడ ఇంటికి వస్తూనే కాగితం చింపేసి, వేడినీళ్ళతో నన్ను కడిగి, మర్నాడు పొద్దున్నే పల్చటి తెల్లగుడ్డ పరిచి ఇడ్లీలు పెట్టింది. నా బతుకులో మొదటి వేడి అది. మూత కింద ఆవిరి పట్టినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పటినించీ నేను ఆవిడ మనిషిని.

సత్యవేణి గురించి చెప్పాలంటే ముందు ఆవిడ నోటి గురించి చెప్పాలి. కుళాయి దగ్గరికి వెళ్తే బిందె నిండి పొర్లిపోయేది గానీ ఆవిడ కబురు తెమిలేది కాదు. ఆ కబుర్లలో సగం గుడ్ల గురించే. యంత్రాలు రాకముందు హేచరీలో గుడ్లని చేత్తో తిప్పేవాళ్ళట. పెన్సిలుతో ఒక పక్క చుక్క పెడతారట. పొద్దున చుక్క కిందికి, సాయంత్రం చుక్క పైకి. "తిప్పకపోతే లోపలి పిల్ల పెంకుకి అతుక్కుపోద్దమ్మా" అనేది. చీకటిగదిలో గుడ్డుని దీపానికి అడ్డంపెట్టి అందులో ప్రాణం ఉందో లేదో చూసి చెప్పేసేది. ఆవిడ పక్కనపెట్టిన గుడ్డుని మళ్ళీ ఎవరూ చూసేవాళ్ళు కాదట. ఆవిడ చెప్పేదాంట్లో కొంత కోతలు కోయడం ఉంటుందని నాకు తెలుసు. అయినా ఆ మాటలు చెప్పేటప్పుడు ఆవిడ చేతులు గాల్లోనే గుడ్లని తిప్పుతూ ఉండేవి, అది మాత్రం కోత కాదు.

ఇంత నోరున్న మనిషి ఒక్క మనిషి ముందు మాత్రం మూగదైపోయేది. ఆ మనిషి ఆవిడ అల్లుడు.

ఒక్కగానొక్క కూతురు హారిక విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో నర్సు. హైదరాబాదులో కంప్యూటర్లు బాగుచేసే దొరబాబు అనే కుర్రవాణ్ణి చేసుకుంది. అతనికి తల్లీ తండ్రీ లేరు. పెళ్ళయ్యాక సామర్లకోట స్టేషను దగ్గరే సొంత కొట్టు పెట్టుకున్నాడు. హారికకి ఇటువైపు బదిలీ అయ్యేదాకా అత్తగారింట్లో ఉండమన్నారు. హారిక వారానికోసారి వచ్చి వెళ్ళేది. మిగతా రోజులన్నీ ఆ ఇంట్లో అత్తా అల్లుడూ ఇద్దరే. సత్యవేణి వాళ్ళ ఇళ్ళల్లో అత్తగారు అల్లుడికి ఎదురుపడి మాట్లాడకూడదు. ఆవిడ తల్లి మాట్లాడలేదు, అమ్మమ్మ మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే తలుపుచాటున నిలబడి మూడో మనిషికి చెబుతున్నట్టు చెప్పాలి. ఈ ఇంట్లో మూడో మనిషి ఎవరూ? నేనే.

మొదటిరోజు పొద్దున్నే ఆవిడ నన్ను హాల్లో బల్ల మీద పెట్టి, వంటింటి గుమ్మానికున్న కర్టెన్ వెనక్కి వెళ్ళి గొంతు సవరించుకుంది. "ఇదిగో హాట్‌బాక్సూ, ఇడ్లీలు చల్లారిపోతాయి, తినెయ్యమను."

దొరబాబు అటూ ఇటూ చూశాడు. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. మొహమాటం ఎక్కువేగానీ తెలివితక్కువవాడు కాదు. నావైపు కొంచెం వంగి, "ఆయ్, తింటానని చెప్పండి హాట్‌బాక్సు గారూ. చట్నీ బాగుందని కూడా చెప్పండి" అన్నాడు. కర్టెన్ వెనక చిన్న నవ్వు వినపడింది. నన్ను 'గారూ' అన్న మొదటి మనిషి అతనే. అలా నేను ఇడ్లీలతోపాటు మాటలు కూడా మొయ్యడం మొదలుపెట్టాను.

అయితే దొరబాబు ఆ ఇంటికి ఒంటరిగా రాలేదు. చిన్న గాజుపెట్టె ఒకటి ఒళ్ళో పెట్టుకుని రైల్లో వచ్చాడు. అందులో ఒక బల్లి. మన గోడల మీద తిరిగే బక్కబల్లి కాదు. పసుపుపచ్చ ఒంటినిండా చిరుతపులికున్నట్టు నల్లచుక్కలు, వేలంత లావు తోక. గోడలెక్కడం దానికి రాదు. హైదరాబాదులో అతని గదిలో ఉన్న స్నేహితుడు ఉద్యోగం మారి వెళ్తూ, "నువ్వైతే చూసుకుంటావురా" అని ఇచ్చి వెళ్ళాడట. దాని పేరు వీర్రాజు.

సత్యవేణికి మామూలు బల్లి మీద పడితేనే తలస్నానం చేసి దీపం పెట్టుకోవాలి. ఆ వారమంతా నాకు ఒకటే వాయింపు. "ఊళ్ళో బల్లులు చాలకనా హైదరాబాదు నించి ఇంకోటి మోసుకొచ్చారు? అడగవే!" ఒకరోజు పంచాంగం తీసి బల్లిపాటు ఫలితాలన్నీ చదివింది. ఏ అంగం మీద పడితే ఏ ఫలమో అంతా ఉందిగానీ, బల్లిని గాజుపెట్టెలో పెట్టుకుని పేరుపెట్టి పిలిస్తే ఏ ఫలమో ఎవరూ రాయలేదు. విసుక్కుని మూసేసింది.

దొరబాబు లేనప్పుడు ఆ పెట్టె వైపు చూడకుండా హాలు ఊడ్చేది. ఒక మధ్యాహ్నం చూడక తప్పలేదు. వీర్రాజు అద్దం దగ్గరికొచ్చి తలెత్తి ఆవిణ్ణే చూస్తోంది. చూస్తూ చూస్తూ కళ్ళు మూసి తెరిచింది. గోడబల్లులకి రెప్పలుండవు, దీనికి ఉన్నాయి. "అమ్మబాబోయ్, కళ్ళార్పుతున్నావేంటే!" అంది సత్యవేణి. చీపురు పక్కనపెట్టి చాలాసేపు అక్కడే కూర్చుంది. కళ్ళార్పే ప్రాణిని అసహ్యించుకోవడం మనుషులకి కష్టమనుకుంటాను.

ఒకరోజు వీర్రాజు అద్దానికి పొట్ట ఆనించి నిలబడింది. సత్యవేణి మొహం మారిపోయింది. దగ్గరికి జరిగి, కళ్ళు చికిలించి, సెల్లుఫోను లైటు వేసి మరీ చూసింది. ఆ సాయంత్రం దొరబాబు టిఫినుకి కూర్చోగానే కర్టెన్ వెనక నించి నాకు కబురొచ్చింది.

"హాట్‌బాక్సూ, వీర్రాజుకి నెలలు నిండుతున్నాయని చెప్పవే."

దొరబాబు నోట్లో ఇడ్లీముక్క అలాగే ఆగిపోయింది. "హాట్‌బాక్సు గారూ... వీర్రాజు మగాడండీ."

"మగాడి కడుపులో రెండు గుడ్లున్నాయి, చూసుకోమను."

అతను నవ్వేశాడు గానీ, లేచి వెళ్ళి చూశాడు. చర్మం కింద తెల్లగా రెండు కోలగుడ్లు. వెంటనే స్నేహితుడికి ఫోను చేస్తే, వెళ్ళేముందు కొన్నాళ్ళు ఇంకో బల్లితో కలిపి ఒకే పెట్టెలో ఉంచానని, రెండూ మగవేననుకున్నానని అవతలివాడు నసిగాడు. హారికకి చెప్తే ఫోనులో పడీపడీ నవ్వింది. పేరు మార్చమంది. దొరబాబు ఒప్పుకోలేదు. పిలిస్తే పలుకుతున్న పేరు ఎందుకు మార్చాలన్నాడు. అది పిలిస్తే పలకడం నేనైతే ఎప్పుడూ చూడలేదు.

ఇహ చూడండి నాకు పని. ఒక ఇంట్లో ఆడది కడుపుతో ఉంటే ఎన్ని మాటలు తిరుగుతాయో అన్నీ నా మీదుగా తిరిగాయి. దానికి తిండి పురుగులు. వాటిని దొరబాబు ఒక సీసాలో తవుడు పోసి పెంచేవాడు. "ఆ తవుడు ముక్కిపోయింది, మార్చమను. పురుక్కి బలముంటేనే తిన్నదానికి బలం" అనేది సత్యవేణి. గుడ్డుకి సున్నపుసత్తువ కావాలని ఆవిడకి తెలుసు. కాకినాడ వెళ్ళి సముద్రపు నురుగు తెచ్చింది. ఒడ్డుకి కొట్టుకొచ్చే ఆ తెల్లటి బిళ్ళని మెత్తగా నూరి, చిన్న గిన్నెలో పోసి, నా మూత మీద పెట్టి వెళ్ళిపోయింది. దొరబాబు దాన్ని వేలితో ముట్టుకుని, ఇంటర్నెట్టులో చూసుకుని, "హాట్‌బాక్సు గారూ, ఇదే కావాలటండీ. ఊరంతా వెతికాను. ఆవిడకి దండాలని చెప్పండి" అన్నాడు. పురుగులకి ఆ పొడి అద్ది పెడితే వీర్రాజు గబగబా తినేది. ఐస్‌క్రీం డబ్బాకి కన్నం పెట్టి, తడిపిన కొబ్బరిపొట్టు నింపి లోపల పెట్టారు. వీర్రాజు అందులో దూరి తవ్వడం మొదలుపెట్టింది. తిండి మానేసింది. తవ్వడం, బయటికి రావడం, మళ్ళీ తవ్వడం. దొరబాబు రెండురోజులు కొట్టు తెరవలేదు.

ఆ రోజుల్లోనే హారిక సెలవుకి వచ్చి, పెరట్లో బట్టలారేస్తూ తల్లితో అన్న మాట వంటింటి కిటికీలోంచి నాకు వినపడింది. "అమ్మా, ఆయనకి మనిల్లు ఇంకా కొత్తగానే ఉందే. పరాయింట్లో ఉన్నట్టుందంటున్నారు. ఈ గుడ్లు పిల్లలయ్యాక వేరే గది చూసుకుంటారట. నువ్వేమీ అనుకోకు."

సత్యవేణి తడిచీర దులుపుతూ, "ఎందుకనుకుంటానే" అంది. ఆ రాత్రి అన్నంలో పెరుగు కలుపుకుని తినకుండా వదిలేసింది. ఆవిడ భర్త పోయి చాలా ఏళ్ళైంది. ఇంట్లో మరో మనిషి చెప్పులు గుమ్మం దగ్గర కనపడటం ఆవిడకి ఎంత ఇష్టమో నాకు తెలుసు. రోజూ ఊడ్చేటప్పుడు ఆ చెప్పుల్ని సరిచేసి పెట్టేది. ఉండిపొమ్మని అడగాలి. ఎలా అడుగుతుంది? నాతో చెప్పించే మాట కాదు అది.

వీర్రాజు ఒక తెల్లవారుజామున పెట్టింది. రెండు గుడ్లు, ఎండుఖర్జూరం అంతేసి, తెల్లగా మెత్తగా. తోక సన్నబడిపోయి, చర్మం వేలాడుతూ ఒక మూల పడుకుంది. "బాలింతని కదపొద్దను, ముందు నీళ్ళు పెట్టమను" అని కర్టెన్ వెనక నించి గొంతు వచ్చింది. దొరబాబు గుడ్లని పైకి తీశాడు. ఎక్కడ ఎలా పడి ఉన్నాయో అలాగే, ఇంత కూడా దొర్లకుండా తీసి, పెన్సిలుతో పైన ఒక్కో చుక్క పెట్టాడు. ఇప్పుడు వాటిని వెచ్చగా, ఒకే వేడిలో ఉంచాలి. ఇల్లంతా కలియచూసి నా దగ్గరికి వచ్చాడు.

"హాట్‌బాక్సు గారూ, మిమ్మల్నే అరువిమ్మంటే ఏమంటారో అడగండి."

కర్టెన్ చాలాసేపు కదల్లేదు. ఇడ్లీలు పెట్టే పాత్రలో బల్లిగుడ్లు! మూత మీద బల్లి పాకితేనే వంట పారబోసే మనిషి. 

"తీసుకోమను" అంది సత్యవేణి చివరికి. "వేడి నిలపడంలో దాన్ని మించింది ఈ ఇంట్లో లేదు."

నన్ను అంత మెచ్చుకోవడం అదే మొదలు. ఇడ్లీలకి పాత సిల్వరు గిన్నె దిగింది. నాలో తడి కొబ్బరిపొట్టు పోసి, రెండు గుంటలు చేసి, గుడ్లని కూర్చోబెట్టారు. హాల్లో ఫ్రిజ్జు పక్కన వెచ్చటి మూలలో నాకు చోటిచ్చారు. ఇన్నాళ్ళూ నేను మోసిన వేడి గంటసేపటిది. ఈసారి ప్రాణానికి కావలసిన వేడి. గాలికోసం నా మూతకి చిన్న కన్నం కూడా పెట్టారు. నొప్పి పుట్టిందిగానీ ఓర్చుకున్నాను.

ఆ సాయంత్రం దొరబాబు నా పక్కనే కూర్చుని హారికతో ఫోనులో మాట్లాడాడు. "వీటిని తిప్పకూడదంట హారికా. పిల్ల పైభాగంలో అతుక్కుని పెరుగుతాదంట. తిప్పితే చచ్చిపోతాదంట. అందుకే చుక్క పెట్టా, ఎప్పుడూ పైనే ఉండాలి." సత్యవేణి అప్పుడు పాలకేంద్రానికి వెళ్ళి ఉంది. ఆ మాట విన్నది నేనూ వీర్రాజూ మాత్రమే.

మర్నాడు దొరబాబు కొట్టుకి వెళ్ళాక సత్యవేణి చేతులు కడుక్కుని నా మూత తీసింది. రెండు గుడ్ల మీదా పెన్సిలు చుక్క కనపడింది. ఆవిడ మొహం వెలిగిపోయింది. "అబ్బాయికి తెలుసే! చుక్క పెట్టాడు చూడు!" అంది నాతో. తర్వాత రెండు వేళ్ళతో, పసిపిల్లని పక్కకి తిప్పినంత మెల్లగా, ఒక్కో గుడ్డునీ తిప్పి చుక్కని కిందికి పెట్టింది. సాయంత్రం అతను వచ్చేముందు మళ్ళీ చుక్క పైకి.

నాకు నోరుంటే ఆ రోజు అరిచి ఉండేదాన్ని. ఇంటిల్లిపాదీ నాతో మాట్లాడతారు, ఒక్క మాట నేను మాట్లాడే వీలు లేదు. అతను చూసేటప్పటికి చుక్క పైనే. అనుమానం ఎలా వస్తుంది? ఆవిడ చెప్పేదేగానీ, తిప్పడానికే అల్లుడు చుక్క పెట్టాడనుకున్నాక ఇక చెప్పడానికేముంది? తను కూడా చెయ్యి వేస్తున్నానని గొప్పలు చెప్పుకోవడం ఆవిడకి ఇష్టం లేదు. గుడ్లు పిల్లలైన రోజున అతనే తెలుసుకుంటాడు, ఇది నా ఇల్లే అనుకుంటాడు అని ఆవిడ ఆశ. రోజూ తిప్పుతూ నాతో అదే చెప్పేది. "ఈ రెండూ బతికితే ఎక్కడికీ వెళ్ళడే. చూస్తూ ఉండు."

కొన్నాళ్ళకి ఒక గుడ్డు పసుపురంగుకి తిరిగింది. తర్వాత సొట్టపడింది. ఆదివారం హారిక ఇంట్లో ఉండగానే దానిమీద బూజు పట్టింది. దొరబాబు దాన్ని చెంచాతో తీసి అరచేతిలో పెట్టుకుని కూర్చుండిపోయాడు.

"ఏం తప్పు చేశానో తెలీట్లేదు హారికా. తడి సరిపోయింది. వేడి సరిపోయింది. ఒక్కసారి కూడా తిప్పలేదు. తిప్పితేనే కదా లోపల చచ్చిపోయేది."

కర్టెన్ వెనక సత్యవేణి చేతిలోంచి గిన్నె జారి కిందపడింది.

హారిక లోపలికి పరుగెత్తింది. "ఏమైందమ్మా?" అంటే సత్యవేణి వంగి గిన్నె తీసి కడగడం మొదలుపెట్టింది.  హారిక సాయంత్రం రైలుకి వెళ్ళిపోయింది. అప్పుడు సత్యవేణి నాతో చెప్పడానికి వచ్చింది. నా ఎదురుగా నిలబడి "ఇదిగో, హాట్‌బాక్సూ..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఆగింది. గుండె లోపలి మాట నా మీదుగా పంపడానికి ఆవిడకి మనసొప్పలేదని నాకు అర్థమైంది. నేను ఇడ్లీలు మొయ్యగలను, ఇది మొయ్యలేను.

దొరబాబు వరండాలో కూర్చుని ఉన్నాడు. సత్యవేణి కర్టెన్ పక్కకి తీసింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, గుమ్మం దాటి, నడిచి వెళ్ళి అతని ఎదురుగా నిలబడింది. అతను కంగారుపడి లేచి నిలబడ్డాడు.

"అల్లుడుగారూ, గుడ్లు నేనే తిప్పానండి."  "పొద్దున కిందికి, సాయంత్రం పైకి. రోజూ తిప్పాను. కోడిగుడ్డుకి అలాగే చేస్తామండి. మీ చుక్క చూసి అదే అనుకున్నాను. నా చేతుల్తో నేనే చంపేశానండి."

దొరబాబు అలవాటు కొద్దీ హాల్లో ఉన్న నావైపు తిరిగి "హాట్‌బాక్సు..." అన్నాడు. అన్నవాడు ఆగిపోయి ఆవిడవైపు చూశాడు. చెప్పులేసుకుని గేటు తీసుకుని వెళ్ళిపోయాడు.

సత్యవేణి వరండా మెట్టుమీద కూర్చుండిపోయింది. దీపం పెట్టే వేళ దాటింది. పక్కింటివాళ్ళు పలకరిస్తే తలూపింది. అతను గది చూసుకోవడానికే వెళ్ళాడని ఆవిడ అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. నాలో ఇంకా ఒక గుడ్డు ఉంది. అందులో ఏముందో నాకూ తెలియదు. నా పని వేడి పట్టుకోవడం. పట్టుకుని కూర్చున్నాను.

బాగా చీకటి పడ్డాక దొరబాబు తిరిగొచ్చాడు. స్టేషనుదాకా నడిచి వచ్చాడట. మొహం కడుక్కుని ఆవిడ పక్కన మెట్టుమీద కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"కోపం వచ్చిందండి" అన్నాడు. "చాలా కోపం వచ్చింది. నేను కూడా మీకు చెప్పలేదు కదా. ఫోనులో హారికకి చెప్పాను, ఇంట్లో ఉన్న మీకు చెప్పలేదు. ఆ హాట్‌బాక్సుతోనైనా చెప్పలేదు."

"మీ తప్పేం లేదండి."

"లేవండి అత్తయ్యగారూ. ఇంకోటి ఉంది. అది ఉందో పోయిందో నాకు తెలియట్లేదు. మీరు చూసి చెప్పాలి."

"నేను ముట్టుకోను బాబూ. నా చెయ్యి మంచిది కాదు."

"ముట్టుకోవద్దు. లైటు నేను పడతాను. చూపు మీది."

హాల్లో లైట్లు ఆర్పేశారు. నా మూత తీశారు. దొరబాబు ఫోను లైటుని గుడ్డుకి ఒక పక్కగా, తాకీ తాకకుండా ఆనించాడు. సత్యవేణి నా అంచు మీదికి వంగింది. ఆవిడ ఊపిరి వెచ్చగా నా లోపల తగిలింది. గుడ్డంతా గులాబీరంగులో వెలిగింది. ఆవిడ తల అటూ ఇటూ వంచి చూసింది.  

"ఉంది" అంది సత్యవేణి. "పైన చూడండి, ఎర్రగా దారంలాగా... సన్నగా... అదిగో కదిలింది. ప్రాణం ఉంది బాబూ. గట్టిపిండం. ఇంత చేసినా ఉంది." అని కొంగు నోటికి అడ్డంపెట్టుకుని ఏడ్చేసింది. దొరబాబు లైటు ఆర్పడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు. అతనూ ఏడుస్తున్నాడు.

ఆ తర్వాత నన్ను ఎవరూ కదపలేదు. సత్యవేణి నా పక్కనే చాప వేసుకుని చిక్కుళ్ళు ఒలిచేది. వీర్రాజుకి తనే పొడి అద్దిన పురుగులు పట్టకారుతో అందించేది. దాని తోక మళ్ళీ లావెక్కింది. బల్లిని ముట్టుకున్నప్పుడల్లా తలస్నానం చెయ్యాలంటే జుట్టు ఊడిపోతుందని ఆ నియమం మెల్లగా వదిలేసింది.

వానలు మొదలైన ఒక మధ్యాహ్నం నాలో చిన్న కదలిక తెలిసింది. గుడ్డు మీద చెమటలా నీటిబొట్లు పట్టాయి. తర్వాత మెత్తటి పెంకు మీద చిన్న చీలిక. అందులోంచి బియ్యపుగింజంత ముక్కు. సత్యవేణి మూత తీసి చూసింది. దొరబాబు పెరట్లో నూతి దగ్గర స్నానం చేస్తున్నాడు. ఆవిడ చాటు మరిచిపోయింది, 'గారు' మరిచిపోయింది. పెరటి తలుపు దగ్గరికి పరుగెత్తింది.

"ఒరేయ్ దొరబాబూ! రారా నాన్నా, తొందరగా రా! పుట్టేస్తోందిరా!"

అతను సబ్బునురగతో, తువ్వాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. అత్తా అల్లుడూ నా అంచు పట్టుకుని తలలు ఆనించి చూశారు. పిల్ల బయటికొచ్చింది. అగ్గిపుల్లంత ఉంది. పసుపుమీద నల్లచారలు. వచ్చీరాగానే ఇద్దరినీ చూసి కళ్ళార్పింది. "అచ్చం వీర్రాజే" అంది సత్యవేణి. "తల్లి పోలిక."

ఇప్పుడు నేను గాజుపెట్టెల పక్కన బల్ల మీద ఉంటున్నాను. మూతకి కన్నం పడ్డాక వేడి నిలబెట్టలేను. నాలో పురుగుల సీసా, పట్టకారు, సముద్రపు నురుగు పొడి ఉంటాయి. నాకు నామోషీగా ఏమీ లేదు. గది మాట ఎవరూ ఎత్తడం లేదు. హారిక బదిలీ అయి వచ్చేసింది. నాతో ఎవరూ మాట్లాడటం లేదు. మొదట్లో కొంచెం చిన్నతనం అనిపించిందన్నది నిజం.

మొన్న పొద్దున్న అత్తకీ అల్లుడికీ పెద్ద గొడవైంది. ఆ చిన్నబల్లికి పేరు ఏం పెట్టాలనే దగ్గర మొదలై, ఎవరు ఎక్కువ గారం చేసి పాడుచేస్తున్నారనే దాకా వెళ్ళింది. దొరబాబు అలిగి టిఫిను చెయ్యకుండా గేటు వేసుకుని వెళ్ళిపోయాడు. నేను ఎదురుచూశాను. ఇప్పుడు ఆవిడ నా దగ్గరికి వస్తుంది, గొంతు సవరించుకుంటుంది, 'హాట్‌బాక్సూ, తిని వెళ్ళమను' అంటుంది అనుకున్నాను. సత్యవేణి వంటింట్లోంచి రయ్యిన వచ్చింది. నన్ను దాటుకుని, వరండా దాటుకుని, గేటు దాకా వెళ్ళి, వీధంతా వినపడేలా కేకేసింది.

"ఒరేయ్! తినకుండా వెళ్తే కాళ్ళిరగ్గొడతాను. వెనక్కి రా!"

అతను వచ్చాడు. తలొంచుకుని, చెప్పులు విప్పి గుమ్మం దగ్గర ఒకటి ఇటూ ఒకటి అటూ పడేసి, వంటింట్లోనే పీట వాల్చుకుని కూర్చున్నాడు.